యాప్ తాత ముందువెనకలు

మా తాత పేరు యాప్. ఫోన్లకి ఇంకా తీగలున్న రోజుల్లో వాళ్ళ నాయనమ్మ పెట్టిన పేరు. హాలండ్‌లో అది మన సుబ్బారావంత మామూలు పేరట. కానీ అమెరికాలో మేముండే హెర్న్‌డన్‌లో ఏ తెలుగువాళ్ళింటికి భోజనానికి వెళ్ళినా ఎవరో ఒక అంకుల్ ప్లేటు పట్టుకుని దగ్గరికొచ్చి, "యాప్ గారు అప్‌డేట్ అయ్యారా?" అని అడుగుతాడు. పక్కనున్నవాళ్ళు ఆ మాట ఇప్పుడే పుట్టినట్టు నవ్వుతారు. తాత పొట్ట తట్టుకుని "స్టోరేజ్ ఫుల్" అంటాడు. తెలుగులో ఆయనకున్న జోకు అదొక్కటే. రెండోది అవసరం పడలేదు. ఆయన్ని ఎవరూ రెండో ప్రశ్న అడగలేదు.

అడిగి ఉంటే, తను ఒకప్పుడు దేశానికి చాంపియన్నని చెప్పేవాడేమో. చెప్పేవాడు కాదులెండి. నాకూ అమ్మమ్మే చెప్పింది.

చాంపియన్ అంటే పడవ పందెంలో. పడవ అనగానే మనుషుల్నీ మేకల్నీ ఏరు దాటించే పడవని ఊహించుకోకండి. ఇది చేపముల్లంత సన్నగా, మా కారు గరాజ్ కంటే పొడుగ్గా ఉంటుంది. అందులో ఒక్క మనిషే కూర్చోవాలి. రెండు చేతుల్లో రెండు తెడ్లు, కింద చక్రాల మీద ముందుకీ వెనక్కీ జారే చిన్న పీట. సింగిల్ స్కల్ అంటారు దాన్ని. గట్టిగా తుమ్మితే తిరగబడుతుంది. ఇందులో అసలు తమాషా ఏమిటంటే, కూర్చున్నవాడి మొహం ఒకవైపు ఉంటుంది, పడవ ఇంకోవైపు పోతుంది. ఎక్కడికి పోతున్నాడో వాడికి కనపడదు. ఎక్కణ్ణుంచి వచ్చాడో అదే కళ్ళెదుట ఉంటుంది. వెనకబడ్డవాళ్ళందరూ కనిపిస్తారు, దాటిపోయినవాళ్ళు మాత్రం వీపు వెనక ఉంటారు. ఓడిపోతున్నవాడికి గెలుస్తున్నవాడు కనపడని ఆట నాకు తెలిసి ఇదొక్కటే.

తాత వాళ్ళ నాన్న ఒక కాలువ మీద లాకులు తీసి మూసే మనిషి. ఇల్లు ఆ గట్టు మీదే. బడికి వెళ్ళడానికి ముందు, వచ్చాక, తాత ఆ కాలువలో ఒంటరిగా తెడ్లు వేసేవాడు. ఎనిమిదిమంది కూర్చునే పెద్ద పడవలోకి రమ్మని పిలిస్తే వెళ్ళలేదట. పక్కవాడు తప్పు చేస్తే తను క్షమించలేడట. ఈ లక్షణం ఇప్పటికీ ఉంది. మా ఇంట్లో గిన్నెలు డిష్‌వాషర్‌లో ఎవరు సర్దినా ఆయన మళ్ళీ తీసి సర్దుతాడు. ఇరవై రెండో ఏట జాతీయ చాంపియన్ అయ్యాడు. తర్వాత రెండేళ్ళు కూడా ఆయనే. పందెం మధ్యలో తల తిప్పి చూసేవాడు కాదు. తక్కినవాళ్ళు అప్పుడప్పుడూ భుజం మీదుగా వెనక్కి చూసుకుంటారు. చూసిన ప్రతిసారీ పడవ ఒక పిసరు నెమ్మదిస్తుంది. ఆ పిసరు కూడా ఇవ్వనన్నాడు తాత.

అలాగే ప్రపంచ పోటీల ఫైనల్‌కి వెళ్ళాడు. ఆరు పడవలు. వాన పడుతోంది. సగం దూరంలో ఇద్దరు తనని దాటిపోవడం చూశాడు. ఇద్దరు తన కళ్ళెదుటే వెనకబడి ఉన్నారు. ముందు ఇద్దరు, వెనక ఇద్దరు, మధ్యలో నేను, కాబట్టి మూడోవాణ్ణి అని లెక్క వేసుకున్నాడు. మూడో స్థానానికి పతకం ఉంది. ప్రాణం పెట్టి లాగి, గీత దాటగానే కుడిచెయ్యి పైకెత్తాడు. లెక్కలోకి రాని ఆరోవాడు, అవతలి చివరి వరసలో ఉన్నవాడు, మొదటి తెడ్డు నుంచే ముందున్నాడు. మొదటి నుంచీ ముందున్నవాడు ఒక్కసారి కూడా ఈయన కంట పడలేదు. బోర్డు మీద తాత నాలుగు.

ఆ ఫొటో పేపర్లో వచ్చింది. చెయ్యెత్తి, నోరంతా తెరిచి నవ్వుతున్న నాలుగోవాడు. అప్పటి నుంచి ఆ ఊళ్ళో బేకరీకి వెళ్ళినా, మంగలి షాపుకి వెళ్ళినా ఎవరో ఒకరు చెయ్యి పైకెత్తేవారు. మంచివాళ్ళే, ఏడిపించడం అంతే. మరుసటి ఏడు కూడా జాతీయ పోటీలు గెలిచాడు. గీత దాటాక చెమట తుడుచుకోవడానికి కూడా చెయ్యి లేపలేదని అమ్మమ్మ చెబుతుంది. తర్వాత అమెరికాలో ఒక రోయింగ్ క్లబ్‌కి కోచ్ కావాలంటే, తన చెక్క పడవని ఓడలో వేయించుకుని వర్జీనియా వచ్చేశాడు. ఆ పడవ పేరుకి వాళ్ళ భాషలో చుక్క, అంటే నక్షత్రం, అని అర్థం. మా అమ్మ పుట్టినప్పుడు తార అని పెట్టింది అందుకే. "నన్ను పడవ పేరుతో పిలుస్తున్నారు" అని మా అమ్మకి ఇప్పటికీ కోపం.

అమ్మమ్మ పేరు దమయంతి. ఊరు బందరు. వర్జీనియాలోనే అలెగ్జాండ్రియా అనే ఊళ్ళో ఒక ఆసుపత్రిలో నర్సుగా ఉండేది. తాత పక్కటెముక చిట్లి వచ్చి చేరాడు. ఏం పని చేస్తావని అడిగితే పడవన్నాడు, మీ నాన్నేం చేస్తాడంటే కాలువ మీద లాకులన్నాడు. అమ్మమ్మకి ఆ మాట విని ప్రాణం లేచొచ్చింది. బందరు కాలువ లాకుల దగ్గర నిలబడి పడవల్ని లెక్కపెడుతూ పెరిగిన మనిషి మరి. పైగా వాళ్ళ మేనమామ ఇల్లు వలందపాలెంలో. వలందులంటే హాలండ్‌వాళ్ళే. "మీవాళ్ళు వ్యాపారానికి మా ఊరొచ్చి, పేటకి పేరు పెట్టి వెళ్ళారు. ఒకణ్ణి నాకోసం ఆలస్యంగా పంపించారు" అంటుంది.

తాత తెలుగు అమ్మమ్మ దగ్గరే నేర్చుకున్నాడు. అమ్మమ్మ ఆయన్ని "ఏమండీ" అని పిలిచేది. అది ప్రేమగా పిలుచుకునే మాట అనుకుని ఈయన కూడా ఆమెని "ఏమండీ" అనడం మొదలుపెట్టాడు. నిజం తెలిశాక కూడా మానలేదు. ఇప్పటికీ మా ఇంట్లో ఇద్దరు ఏమండీలు. ఒక ఏమండీ కళ్ళజోడు ఎక్కడ పెట్టావంటే ఇంకో ఏమండీ నీ నెత్తిమీద అంటుంది.

ఒక్క మాట దగ్గర మాత్రం ఇద్దరికీ ఎప్పుడూ యుద్ధం. ముందు, వెనక. తాతకి ముందు అంటే పడవ పోయే వైపు, అంటే తన వీపు వైపు. కారు ఎక్కి "ముందు పెట్టాను సంచి" అంటాడు. వెతికితే వెనక సీట్లో ఉంటుంది. అమ్మమ్మ తిడితే ఆయన మన భాష మీద పడతాడు. "మీరు 'ముందే చెప్పాను' అంటారు, అంటే అయిపోయింది. 'ముందు ముందు తెలుస్తుంది' అంటారు, అంటే ఇంకా కాలేదు. 'వెనకటికి ఒకడు' అంటారు, 'వెనక చూసుకుందాం' అంటారు. ఏమండీ, మీవాళ్ళకి పడవలో ఎటు తిరిగి కూర్చున్నారో తెలీదు."  జవాబు లేనప్పుడు అమ్మమ్మ పోపు వేస్తుంది.

ముప్ఫై ఏళ్ళ పైగా ఆకోక్వాన్ రిజర్వాయర్ మీద హైస్కూల్ పిల్లలకి కోచింగ్ చేశాడు. అన్నీ ఎనిమిదిమంది పడవలే. తన చెక్క పడవని మాత్రం తెల్లవారుజామున తనొక్కడే తీసేవాడు. డెబ్బై దాటాక కుడిభుజం పని చెయ్యడం మానేసింది. డాక్టరు ఇక తెడ్డు ముట్టుకోవద్దన్నాడు. పడవ మా గరాజ్‌లో తాళ్ళకి వేలాడుతూ ఉండిపోయింది. గరాజ్ కంటే అది పొడుగు కాబట్టి వెనక గోడకి కన్నం పెట్టి, ముక్కు పెరట్లోకి వచ్చేలా చేశాం. కాలనీ రూల్స్ చూసే హెచ్.ఓ.ఏ. వాళ్ళు రెండుసార్లు వచ్చి చూసి వెళ్ళారు. అదేమిటో అర్థం కాక ఏ రూల్ కిందికీ తేలేకపోయారు.

అప్పటి నుంచి తాతకి ఒకటే యావ. తన తర్వాత ఆ పడవలో ఒక మనిషి కూర్చోవాలి. ఒక్కరు చాలు. పతకాలు అక్కర్లేదు, కూర్చుని లాగితే చాలు. మా అమ్మ చిన్నప్పుడే నీళ్ళంటే వాంతి చేసుకుని తప్పించుకుంది. తర్వాత నా వంతు. నేను మూడుసార్లు తిరగబడ్డాను. నాలుగోసారి ఎక్కకుండానే తిరగబడ్డాను. "స్మృతీ, నువ్వు పడవ ఎక్కడం లేదు, పడవే నిన్ను దింపుతోంది" అన్నాడు తాత. కాలేజీ కూడా నన్ను అలాగే దింపిందని గుర్తు చేశాను. టైర్ల షాపులో పనికి కుదిరాక, తాత నన్ను మోటారు బోటు నడపడానికి వాడుకున్నాడు. కోచ్ అందులో కూర్చుని పక్కనే వస్తూ అరుస్తాడు కదా, ఆ బోటు.

అలాంటి రోజుల్లో రాజ్ అంకుల్ వచ్చాడు. క్లౌడ్ కంపెనీలో డైరెక్టర్. భార్య శశికళ ఆంటీ. కూతురు రిషిత అప్పుడు టెన్త్ గ్రేడ్, కొడుకు అక్షయ్ చిన్నవాడు. రాజ్ అంకుల్ సోఫాలో కూర్చుని తన ఆలోచన వివరించాడు. టెన్నిస్‌లో మనవాళ్ళు ఎక్కువైపోయారట. స్పెల్లింగ్ బీ సంగతి అందరికీ తెలిసిపోయిందట. కూచిపూడి అని ప్రతి పిల్లా కాలేజ్ అప్లికేషన్‌లో రాస్తోందట. "రోయింగ్‌లో మనవాళ్ళు లేరంకుల్. కాలేజ్ యాప్‌కి భలే ఉంటుంది. యాప్‌కి యాప్" అన్నాడు. తాత పొట్ట తట్టుకోలేదు. అమ్మాయి చేతులు చూపించమన్నాడు. పొడుగాటి చేతులు. గోళ్ళకి వంగపండు రంగు. గోళ్ళు తీసేస్తావా అని అడిగాడు. ఆ పిల్ల అక్కడికక్కడే నోటితో కొరికేసింది.

రిషితకి వచ్చింది. నేను చెప్పడం కాదు, నీళ్ళే చెప్పాయి. తెడ్డు దిగేటప్పుడు చప్పుడు ఉండేది కాదు. నేను మోటారు బోటులో ఇడ్లీ తింటూ తాత మొహం చూసేదాన్ని. ఆయన అరవడం మానేశాడు. కోచ్ అరవడం మానేశాడంటే రెండే కారణాలుంటాయి, ఆశ పోయి ఉండాలి, లేదా ఇదీ.

ఆమెకి తాత మొదట నేర్పింది తల తిప్పడం. పది తెడ్లకి ఒకసారి భుజం మీదుగా చూడాలి. శశికళ ఆంటీ గట్టు మీద నుంచి "రిషీ, ముందు చూడు, ముందు చూడు" అని కేకలు పెట్టేది. రిషిత బుద్ధిగా తన మొహం ముందున్న మా బోటుని చూసేది. పడవ వెళ్ళి వంతెన స్తంభానికి తగిలింది. తాత గట్టుకి వచ్చి ఆంటీతో, "మీరు తెలుగులో కేక వెయ్యకండి. ఈ భాషలో పడవ నడవదు" అన్నాడు. ఆ మాటకి ఆంటీ రెండు వారాలు రాలేదు. ఆ రెండు వారాల్లోనే పిల్ల చక్కగా నేర్చుకుంది.

ఒకరోజు రిషిత అడిగింది, తల తిప్పితే స్పీడ్ పోతుంది కదా, మీ పాత పందేల వీడియోలో మీరు తిప్పట్లేదు కదా అని. అప్పుడు తాత ఆ ఫైనల్ గురించి చెప్పాడు. చెయ్యెత్తడం గురించి కూడా. నాకు కూడా తన నోటితో చెప్పని సంగతి, రెండు పడవలు పక్కపక్కన తేలుతుండగా, తెలుగూ ఇంగ్లీషూ కలిపి ఆ పిల్లకి చెప్పాడు. నేను ఇడ్లీ మింగడం మర్చిపోయాను.

రిషిత నవ్వలేదు. "ఒక్కసారి చూసుంటే తెలిసేది కదా, తాతా" అంది. అంతవరకూ కోచ్ అని పిలిచేది. తాతా అనడం అదే మొదలు. నాకు కాస్త మండింది. ఆ పేరు మీద నాకు హక్కుందనుకున్నాను.

"అందుకే నువ్వు చూడాలి" అన్నాడు తాత.

పదకొండో గ్రేడ్ పూర్తయ్యేసరికి చెక్క పడవలో కూర్చోనిచ్చాడు. తక్కిన పిల్లలు కార్బన్ పడవల్లో పోతుంటే రిషిత ఆ పాత దేవదారు పడవలో వెళ్ళేది. అప్పడం కంటే కొంచెం మందం దాని చెక్క. ఆ శరదృతువులో పెద్ద పోటీలో రెండో స్థానంలో వచ్చింది. గీత దాటాక మా వైపు చూసింది. తాత చేతులు జేబుల్లో పెట్టుకుని నిలబడ్డాడు. ఇంటికొచ్చాక అమ్మమ్మతో, "ఏమండీ, దొరికింది" అన్నాడు.  అన్నం రెండుసార్లు వడ్డించుకున్నాడు.

తర్వాత సీటు వచ్చింది. మంచి కాలేజీ, చలి ప్రాంతం, పక్కనే నది. తాత ఆ నది మ్యాప్ ఫోన్‌లో తెరిచి వంపులన్నీ చూసుకున్నాడు. రిషిత ప్రాక్టీస్‌కి రావడం తగ్గింది. పరీక్షలు ఉంటాయిలే అన్నాడు. మే నెలలో రాజ్ అంకుల్ ఫోన్ చేశాడు. ఆదివారం గ్రాడ్యుయేషన్ పార్టీ అనీ, చెక్క పడవ కావాలనీ, రిషిత ముందు అందులోనే వెళ్తుందనీ అన్నాడట. తాత ఫోన్ పెట్టేసి వంటింట్లోకి వచ్చాడు. మొహం వెలిగిపోతోంది.

"రిషిత ముందు అందులోనే వెళ్తుందట" అన్నాడు.

అమ్మమ్మ బెండకాయలు తరుగుతోంది. "ముందు అంటే? ఎటు ముందు?" అంది.

"ముందు అంటే ముందే. ఇక ముందు. కాలేజ్‌లో."

అమ్మమ్మ బెండకాయలు అయిపోయినా కాసేపు కత్తి ఆడించింది.

ఆ వారమంతా తాత గరాజ్‌లోనే. పడవకి కొత్త వార్నిష్ వేశాడు. చక్రాల పీటకి నూనె పెట్టాడు. తెడ్ల పిడులకి కొత్త పట్టీలు చుట్టాడు. ఎడమచేత్తోనే చేశాడు అన్నీ, కుడిచెయ్యి కేవలం డబ్బా పట్టుకోవడానికి. శుక్రవారం నలుగురు అంకుల్స్ పెద్ద ట్రక్ తెచ్చారు. ఎలా మొయ్యాలో, ఎక్కడ పట్టుకోకూడదో తాత వివరంగా చెప్పాడు. విమానంలో సీటు బెల్టు గురించి చెప్పేటప్పుడు ప్రయాణికులు ఎలా వింటారో వాళ్ళూ అలాగే విన్నారు.

ఆదివారం స్టెర్లింగ్‌లో బాంక్వెట్ హాలు. అమ్మమ్మ పట్టుచీర కట్టింది. తాత తన పాత క్లబ్ బ్లేజర్ వేసుకున్నాడు, చారలది. దాంట్లో ఆయన పిప్పరమెంటు బిళ్ళలా ఉన్నాడని నేనన్నాను. మూడువందలమంది జనం, పానీపూరీ స్టాలు, మైకు పట్టుకుని రాజ్ అంకుల్. లైట్లు ఆరాయి. డప్పులు మొదలయ్యాయి. వెనక సరుకుల తలుపులోంచి పడవ వచ్చింది.

ఎనిమిదిమంది అంకుల్స్ తలపాగాలు చుట్టుకుని దాన్ని భుజాల మీద మోస్తున్నారు. పల్లకీ. పడవ మీద నాలుగు ఇనప రాడ్లు, వాటిమీద బంతిపూల పందిరి, రంగులు మారే లైట్లు. మధ్యలో ఎర్ర దిండు వేసుకుని లెహంగాలో రిషిత. పడవ ముక్కు వైపు తిరిగి, స్టేజి వైపు చూస్తూ, అందరికీ చెయ్యి ఊపుతోంది. తెడ్లు లేవు. పీట లేదు. పీట కదులుతోందనీ, ఊడిపోయిందేమోననీ తీసి పక్కన పెట్టామని తర్వాత ఒక అంకుల్ చెప్పాడు. కావాలంటే గ్లూ పెట్టిస్తానన్నాడు.

ముందు పడవలో వస్తుంది, తర్వాత కేక్ కట్ చేస్తుంది, ఆ తర్వాత డ్యాన్సులు. రాజ్ అంకుల్ అన్న ముందు అదీ.

అమ్మమ్మ నా కంటే ముందే చూసింది. "ఏమండీ, చిల్లులు" అంది మెల్లగా.

రాడ్లు నిలబెట్టడానికి అడుగు దాకా డ్రిల్ చేసి బోల్టులు బిగించారు. కొత్త వార్నిష్ మీద చెక్కపొట్టు ఇంకా అంటుకునే ఉంది.

తాత లేచాడు. నేను వెనకే వెళ్ళాను, ఏం చేస్తాడోనని. ఆరడుగుల అయిదంగుళాల మనిషి నడుస్తుంటే జనం దారి ఇచ్చారు, దీవించడానికి వెళ్తున్నాడనుకున్నారు. పడవని స్టేజి ముందు బల్లల మీద దించారు. తాత దాని పక్కన నిలబడి, రిషిత వైపు వంగాడు.

"తిప్పి కూర్చో" అన్నాడు.

"వాట్?"

"ఎటు తిరిగి కూర్చున్నావు? తిప్పి కూర్చో."

రాజ్ అంకుల్ మైకులో, "యాప్ అంకుల్ ఇక్కడ కూడా కోచింగ్ మొదలుపెట్టేశారు" అన్నాడు. హాలంతా నవ్వింది. ఎవరో అప్‌డేట్ అని కూడా అరిచారు. రిషిత నవ్వుతూనే గొంతు తగ్గించింది. "తాతా, అటు తిరిగితే నా ఫేస్ ఎవరికీ కనపడదు."

తాత ఒక రాడ్ మొదట్లో వేలు పెట్టి చూశాడు. "చిల్లులు నేను పూడుస్తాను" అన్నాడు. "ఆగస్టులోపు అయిపోతుంది. నువ్వు కాలేజ్‌కి వెళ్ళేటప్పుడు స్మృతి ట్రక్ మాట్లాడుతుంది."

రిషిత గాజులు సర్దుకోవడం ఆపింది. డప్పులు మోగుతూనే ఉన్నాయి. "డాడీ చెప్పలేదా? నేను కాలేజ్‌లో రో చెయ్యను, తాతా. ఐ గాట్ ఇన్." గాజులు మళ్ళీ సర్దుకుంటూ, "ఐ యామ్ టైర్డ్" అంది. అందులో అబద్ధం లేదు. పొగరు కూడా లేదు. రెండేళ్ళపాటు తెల్లారకముందే లేచిన పిల్ల. గమ్యం వచ్చింది, దిగింది. బస్సు దిగినవాళ్ళు బస్సుని మొయ్యరు కదా.

తాత ఏమనేవాడో నాకు తెలీదు. ఈలోపు ఫొటోగ్రాఫర్ వచ్చేశాడు. "అంకుల్, అక్కడే ఉండండి, బోట్ పక్కనే. పర్ఫెక్ట్. అందరూ చేతులు పైకెత్తండి."

అందరూ ఎత్తారు. రాజ్ అంకుల్, శశికళ ఆంటీ, తలపాగాల అంకుల్స్, పందిరి కింద రిషిత. తాత అటూ ఇటూ చూశాడు. భుజం మీదుగా వెనక్కి కూడా ఒకసారి చూశాడు. ఎవరైనా తప్పుకుంటే వెళ్ళిపోదామనేమో. దారి లేదు. అప్పుడు చెయ్యి పైకెత్తాడు. కుడిచెయ్యి లేవలేదు, ఎడమచెయ్యి ఎత్తాడు. ఫొటోగ్రాఫర్ నవ్వమన్నాడు. నవ్వాడు. నేను అమ్మమ్మ వైపు చూస్తే, ఆమె పానీపూరీ స్టాల్ వైపు మొహం తిప్పుకుని ఉంది. ఆమెకి పానీపూరీ పడదు.

ఆ ఫొటో రాత్రికల్లా వాట్సాప్ గ్రూపులో వచ్చింది. విత్ అవర్ చాంపియన్ యాప్ అంకుల్ అని కింద రాశారు. నూట పన్నెండు లైకులు. నేను తాత ఫోన్‌లోంచి ఆ గ్రూపు తీసేశాను. అన్‌ఇన్‌స్టాల్ అన్నాను. ఆయనకి నవ్వు రాలేదు. నాకూ రాలేదు, అలవాటు మీద అన్నాను.

పడవ బుధవారం ఇంటికొచ్చింది. రాడ్లు తీసేశారు, బంతిపూల రేకులు కొన్ని అడుగున ఎండి ఉన్నాయి. పీట ఒక ప్లాస్టిక్ సంచిలో ఇచ్చారు. రాజ్ అంకుల్ క్షమించమని ఒక మిఠాయి డబ్బా కూడా పంపాడు. చిల్లులు పూడ్చాలంటే ఏం కావాలో నాకు తెలుసు, తాతతో ఏళ్ళ తరబడి గరాజ్‌లో తిరిగాను కదా. హార్డ్‌వేర్ షాపుకి వెళ్దామా అని అడిగాను. వెళ్దామన్నాడు. అక్కడ జిగురు ఉన్న వరస దాటి నడిచి, తోట సరుకుల దగ్గర ఆగాడు. మట్టి సంచులు ఎక్కించమన్నాడు. ఎన్ని అంటే పడవకి సరిపడా అన్నాడు.

అమ్మమ్మ ఎన్నో ఏళ్ళుగా పెరట్లో గోంగూరకి ఎత్తైన మడి కట్టమని పోరుతోంది. నేల మీద వేస్తే జింకలు వచ్చి తినేసి పోతున్నాయి. తాత రేపు, ఎల్లుండి అంటూ గడిపాడు. ఆ రోజు పడవని పెరట్లో రెండు బల్లల మీద పెట్టించి, తనే ఎడమచేత్తో పారపట్టి మట్టి పోశాడు. మొదటి పార మట్టి పీట జారే పట్టాల మీద పడింది. అమ్మమ్మ గడప మీద నిలబడి, "ఏమండీ, వద్దు. నాకు గోంగూర వద్దు" అంది. తాత ఆగలేదు.

"నీళ్ళు నిలవవు" అన్నాడు. "చిల్లులు ముందే ఉన్నాయి."

ఎండాకాలం వర్జీనియాలో గోంగూరకి బాగా పడుతుంది. జూలై ఆఖరుకి పడవ కనపడకుండా పెరిగింది. ఎర్ర కాడలు. నేను దాన్ని సింగిల్ గోంగూర అని పిలిచాను. పచ్చడి చేస్తే తాత తిన్నాడు, పులుపు బాగుందన్నాడు. అమ్మమ్మ మాత్రం ఒక్క ముద్ద కూడా నోట పెట్టలేదు.

ఆగస్టులో రిషిత వాళ్ళు వీడ్కోలు చెప్పడానికి వచ్చారు. శశికళ ఆంటీ పెరట్లోకి వెళ్ళి, "అయ్యో, ఎంత క్యూట్‌గా చేశారు అంకుల్" అని ఫొటోలు తీసుకుంది. రిషిత ఆకులు పక్కకి తొలగించి, అంచు మీద వార్నిష్‌ని వేలితో తడిమింది. పీట ఉండాల్సిన చోట చెయ్యి ఆపింది. ఏదో అడగబోయి తాత వైపు చూసింది. తాత జింకల వల సరిచేస్తున్నాడు. ఆ పిల్ల చెయ్యి తీసేసి, లెగ్గింగ్స్‌కి తుడుచుకుంది. అమ్మమ్మ వాళ్ళకి కవర్ నిండా గోంగూర కోసిచ్చింది.

వెళ్ళేటప్పుడు కారు దగ్గర రాజ్ అంకుల్ తాత భుజం మీద చెయ్యి వేశాడు. నొప్పి ఉన్న భుజమే. "అంకుల్, అక్షయ్ కూడా నైన్త్ గ్రేడ్‌కి వచ్చాడు. వాడికి కూడా కొంచెం ఎర్లీగా స్టార్ట్ చేద్దామా? ఈసారి మీ వుడెన్ బోట్‌లోనే డైరెక్ట్‌గా..."

"బోట్ ఖాళీ లేదు" అన్నాడు తాత.

రాజ్ అంకుల్ జోకనుకుని నవ్వాడు. తాతకి రెండో జోకు వచ్చిందని పార్టీల్లో చెబుతున్నాడట ఇప్పుడు.

వాళ్ళు వెళ్ళాక అమ్మమ్మ కత్తెర పట్టుకుని మళ్ళీ పెరట్లోకి వెళ్ళింది, ముదిరిన కాడలు కత్తిరించడానికి. ఏ చివర నుంచి మొదలుపెట్టాలని అడిగింది. తాత మెట్టు మీద కూర్చుని ఉన్నాడు.

"ముందు నుంచి" అన్నాడు.

అమ్మమ్మ పడవ తోక వైపు, అంటే తెడ్లు వేసేవాడి మొహం ఉండే వైపు, నడిచింది. నేను తాత వైపు చూశాను, ఇక మొదలవుతుంది యుద్ధం అనుకుని. తాత ఆమె వెళ్ళడం చూశాడు. అటు కాదనలేదు.